రాత్రి పదకొండింటికి తలుపు తీసేదెవరు?

(విశాఖపట్నంలో రిటైరైనవాళ్ళు నెలకోసారి కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయపడుతున్నట్టున్నారు. అడగను, రండి. (నవ్వులు)

ఊరెళ్తే హోటల్లో దిగాలా, ఫోన్లో బుక్ చేసుకునే ఇళ్ళలో దిగాలా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముందే ఒకటి ఒప్పుకుంటాను. నేను ఇరవై ఎనిమిదేళ్ళు హోటల్ రిసెప్షన్‌లో పనిచేశాను. హోటల్ ఉప్పు తిన్నవాణ్ణి. నా మాట కొంచెం అటు మొగ్గుతుంది, ఆ మేరకు తగ్గించుకుని వినండి. అయితే రిటైరయ్యాక మా ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళిన ప్రయాణాల్లో ఎక్కువసార్లు ఇళ్ళలోనే దిగాం. కాబట్టి రెండు చోట్లా దెబ్బలు తిన్న అనుభవం ఉంది.

అసలు మా ఊళ్ళో హోటల్ అంటే ఇడ్లీలు దొరికే చోటు. పడుకునేది లాడ్జి. హోటల్లో ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాయనమ్మ, "పెసరట్లు పొయ్యడానికా ఇన్నాళ్ళు చదివించింది?" అంది. ఆవిడకి తెలిసిన బస పూటకూళ్ళ ఇల్లు. ఊరుకాని ఊళ్ళో ఒకావిడ తన ఇంట్లోనే అన్నం పెడుతుంది, అరుగు మీదో వసారాలోనో చాప వేస్తుంది, పొద్దున్నే డబ్బులు లెక్కపెట్టి తీసుకుంటుంది. ఇప్పుడు యాప్‌లో వచ్చేది కొత్త సంగతేమీ కాదు. తేడా ఎక్కడంటే, ఆ ఇంట్లో పూటకూళ్ళమ్మ ఉండేది. ఇప్పటి ఇళ్ళలో చాలాచోట్ల ఆ అమ్మ లేదు, ఆవిడకి బదులు తలుపు పక్కన తాళంచెవి పెట్టిన చిన్న ఇనప పెట్టె ఉంది. నేను ఈరోజు చెప్పేదంతా ఆ పెట్టె చుట్టూనే తిరుగుతుంది.

మూడేళ్ళ కిందట మా మేనల్లుడి పెళ్ళికి బెంగళూరు వెళ్ళాం. ఏడుగురం, అందులో మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. వైట్‌ఫీల్డ్‌లో పెద్ద అపార్టుమెంటులో మూడు పడగ్గదుల ఫ్లాట్ తీసుకున్నాం. ఫ్లైట్ ఆలస్యమై గేటు దగ్గరికి చేరేసరికి రాత్రి పదకొండూ నలభై. దారిలోనే ఓనర్ నుంచి మెసేజ్ వచ్చింది. "గేటు దగ్గర బంధువులమని చెప్పండి. యాప్ పేరు ఎత్తకండి." నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

వాచ్‌మన్ మదనపల్లె అబ్బాయి, తెలుగువాడే. హమ్మయ్య అనుకున్నాం. వాడు నన్ను వదిలేసి తిన్నగా మా అత్తగారిని అడిగాడు, "ఓనరు మీకేమవుతాడు అవ్వా?" అని. ఆవిడ ఈ వయసులో అబద్ధమెందుకనుకుందో ఏమో, "ఏమీ అవడు నాయనా, డబ్బులిచ్చాం" అనేసింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ అప్పుడు మాకెవరికీ నవ్వు రాలేదు. గేటు మూసేశాడు. రోజువారీ అద్దెలకివ్వకూడదని అసోసియేషన్ వాళ్ళు బోర్డు కూడా పెట్టారు, చూపించాడు. ఓనర్ ఫోన్ మోగుతోంది, ఎత్తడు. యాప్ వాళ్ళకి రాస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు. వాళ్ళు చింతిస్తుంటే మా అత్తగారు సూట్‌కేసు మీద కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. చివరికి ఆ వాచ్‌మన్ కుర్రాడికే జాలేసి, సెక్రటరీగారిని నిద్రలేపి, ముసలావిడ ఉందని చెప్పి లోపలికి పంపించాడు. అప్పటికి ఒంటిగంట దాటింది. పైకెళ్తే ఇనప పెట్టె చెప్పుల స్టాండు వెనకుంది. నాలుగంకెల్లో మూడోది తిరగదు. మా అల్లుడు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే నేను గోరుతో తిప్పాను.

ఇంత తిట్టాక నిజం కూడా చెప్పాలి. లోపలికెళ్ళాక ఆ ఇల్లు బంగారంలా ఉంది. పొద్దున్నే ఏడుగురం ఒకే హాల్లో కూర్చుని కాఫీ తాగాం. అత్తగారికి ఆరున్నరకల్లా రాగిజావ కాచి ఇచ్చింది మా ఆవిడ. పట్టుచీరలు మంచాల నిండా పరిచారు, ఒకరి జడ ఒకరు వేసుకున్నారు, పిల్లలు ఆ గదికీ ఈ గదికీ పరిగెత్తారు. అదే హోటల్లో అయితే నాలుగు గదులు, అవీ ఒకే ఫ్లోర్లో దొరకవు. ఎవరు లేచారో ఎవరు లేవలేదో ఫోన్లు చేసుకుంటూ ఉండేవాళ్ళం. పెళ్ళికెళ్ళినప్పుడు సగం పెళ్ళి బసలోనే జరుగుతుంది. అందుకే ఆ రాత్రి తర్వాత కూడా నేను ఇళ్ళు మానలేదు. డబ్బు కట్టేముందు అడిగే ప్రశ్నలు మార్చుకున్నానంతే.

ఏం అడగాలంటే, మొదటిది, అపార్టుమెంటయితే అసోసియేషన్ ఒప్పుకుంటుందా? రాతపూర్వకంగా, యాప్ చాట్‌లోనే అడగండి, రేపు గొడవైతే అదే సాక్ష్యం. బంధువులమని చెప్పండి అని ఎవరైనా అన్నారా, వెంటనే రద్దు చేసుకోండి. రెండోది, రాత్రి మేము చేరేసరికి అక్కడ మనిషెవరుంటారు? కేర్‌టేకర్ ఉంటే అతని నంబరు ముందురోజే తీసుకుని ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎత్తితే సరి. పగలు ఎత్తనివాడు రాత్రి అసలే ఎత్తడు.

ఇక మా హోటళ్ళ సంగతి. మీరు గదికిచ్చే డబ్బులో కొంత మంచానికీ ఏసీకీ పోతుంది, కొంత రాత్రి కౌంటర్ వెనక మేలుకుని కూర్చునే మనిషికి పోతుంది. మా భాషలో అతన్ని నైట్ ఆడిటర్ అంటారు. ఆ రోజు లెక్కలు ముగించడం అతని పని. లెక్కల కంటే ఎక్కువ మిగతావి చేస్తాడు. నేను నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు రాయపూర్ నుంచి వచ్చిన కుటుంబంలో చిన్నపిల్లకి రెండింటికి ఒళ్ళు జ్వరంతో మాడిపోతోందని తండ్రి కిందికి పరిగెత్తుకొచ్చాడు. ఊరు కొత్త, భాష రాదు. మా కుర్రాణ్ణి స్కూటర్ మీద కేజీహెచ్ ఆసుపత్రి ఎదురు మందుల షాపుకి పంపించాం, తెల్లవారేదాకా తడిగుడ్డలకి ఐసు ఇచ్చాం. బిల్లులో దానికి ఒక్క రూపాయి కూడా లేదు. గది అద్దె ఎక్కువ ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

అలాగని మావాళ్ళు బుద్ధిమంతులని కాదు. వంద గదులుంటే నూటనాలుగు బుకింగులు తీసుకుంటారు, నలుగురు ఎలాగూ రారని. అందరూ వచ్చేస్తే చివరొచ్చినవాడికి "సర్వర్ ప్రాబ్లం సార్" అని చెప్పి పక్క హోటల్‌కి పంపుతారు. ఆ అబద్ధం నేనే చెప్పాను, ఎన్నిసార్లో లెక్క లేదు. సాయంత్రానికి చేరేలా ఉంటే ఈ బాధ తక్కువ. రాత్రి ఆలస్యంగా వస్తుంటే మధ్యాహ్నమే ఫోన్ చేసి "పదకొండింటికి వస్తున్నాం, గది పట్టుకోండి" అని చెప్పండి. ఎవరు మాట్లాడారో పేరు అడగండి. పేరు అడిగినవాళ్ళ గదిని మేం ఎవరికీ ఇచ్చేవాళ్ళం కాదు. (నవ్వులు) నిజమండీ.

ఇంకో రహస్యం. బుకింగ్ సైట్లకి హోటల్ వాళ్ళు సుమారు 15 నుంచి 25 శాతం కమీషన్ కడతారు. సైట్లో రేటు చూసుకుని తిన్నగా హోటల్‌కే ఫోన్ చేయండి. రేటు తగ్గించకపోయినా టిఫినో, పొద్దున్నే గదో ఇస్తారు. పొద్దున్నే గది అనేది మనకి చిన్న విషయం కాదు. మన ప్రయాణాలన్నీ రాత్రి బండిలోనే కదా. ఇక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారకముందే హైదరాబాద్. కొత్త హోటళ్ళలో ముందువాళ్ళు ఖాళీ చేసేది పన్నెండింటికి, మనకి గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఒక మనిషి ఒక షిఫ్టులో పన్నెండు నుంచి పదహారు గదులు శుభ్రం చేయాలి, అందుకే ఆ పన్నెండుకీ రెండింటికీ మధ్య ఖాళీ. పాత లాడ్జిల్లో ఇరవై నాలుగ్గంటల లెక్క ఉంటుంది, ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటిదాకా మీదే. రైలు దిగి స్నానం చేసి పెళ్ళికో ఆసుపత్రికో పరిగెత్తేవాళ్ళకి ఆ లాడ్జే మేలు. ఇల్లు ఈ విషయంలో హోటల్ కంటే మొండిది. ముందువాళ్ళు పదకొండింటికి ఖాళీ చేయాలి, పనమ్మాయి వచ్చి ఊడవాలి, ఆ పనమ్మాయి ఆరోజు రాకపోతే మీ పని అంతే.

డబ్బుల లెక్కకొద్దాం. మన పెద్దవాళ్ళు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు కదా. మేం ఆరుగురం వెళ్ళాం. ముందు మానససరోవర్ ఘాట్ దగ్గరున్న ఆంధ్రాశ్రమంలో ప్రయత్నించాం. కార్తీక మాసం, గదులు దొరకలేదు. హోటల్లో మూడు గదులు, ఒక్కోటి 2,500 అనుకోండి. తొమ్మిది రాత్రులకి 67,500. గది అద్దె రోజుకి 7,500 లోపుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో 3,375. భోజనాలు వేరు. మూడు గదుల ఇల్లు రోజుకి 5,000 అనుకున్నా 45,000, శుభ్రం చేసినందుకని ఇంకో రెండు వేలు. అన్నం వండుకుంటాం, ఆవకాయ సీసా ఎలాగూ వెంట ఉంటుంది. ఇల్లు గెలిచింది. అదే ఇద్దరు మనుషులు, ఒక్క రాత్రి అనుకోండి. ఇల్లు మూడు వేలు, శుభ్రానికి ఎనిమిది వందలు, యాప్ వాడి రుసుము ఇంకొంచెం. ఆ సొమ్ముకి మంచి హోటల్ గదే వస్తుంది. శుభ్రం చేసే రుసుము ఒక్క రాత్రికైనా తొమ్మిది రాత్రులకైనా ఒకటే, అసలు కిటుకు అక్కడుంది. ఒకటి రెండు రాత్రులకి ఇంటి జోలికి పోకండి. నాలుగు రాత్రులు దాటి, మనుషులు కూడా నలుగురు దాటితే అప్పుడు ఇళ్ళు వెతకండి.

ఆ కాశీ ఇంటి గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. కేదార్ ఘాట్ పక్క సందులు. సోనార్‌పురాలో ఆటో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి సామాను భుజానేసుకుని నడవాలి. మేముండేది మేడ మీద. మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, ఫోటోల్లో ఎక్కడా చూపించలేదు. నా మోకాళ్ళకి ఆ తొమ్మిది రోజులూ గుర్తున్నాయి. అయితే కింద ఇంటివాళ్ళున్నారు. ముసలమ్మగారు, కొడుకు, కోడలు. విశ్వనాథుడి మంగళ హారతికి రాత్రి రెండింటికి బయల్దేరాలి. మేం మెట్లు దిగేసరికి ఆ ముసలమ్మగారు లాంతరు లాంటి చార్జింగ్ లైటు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ఎవరూ లేపలేదు. "రోజూ ఎవరో ఒకరు వెళ్తారుగా" అంది హిందీలో. తిరిగొచ్చేసరికి పొయ్యి మీద పాలు. చూశారా, పూటకూళ్ళమ్మ!

నాకు నచ్చేది ఈ మూడో రకం. ఓనర్ అదే ఇంట్లో ఉండి రెండు గదులిచ్చే ఇల్లు. కూర్గులో, కేరళలో, మన అరకులో వీటినే హోమ్‌స్టే అంటున్నారు. కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో కూడా యజమాని అక్కడే నివసించాలి, గదులు ఆరుకి మించకూడదు. యాప్ పుట్టుక కూడా అలాగే జరిగింది. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ సదస్సుకి హోటళ్ళన్నీ నిండిపోతే, అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్ళు తమ హాల్లో గాలి పరుపులు మూడు వేసి, పొద్దున్న టిఫిన్ కూడా పెడతామని మనుషుల్ని రమ్మన్నారు. మరుసటేడు అదే ఎయిర్‌బీఎన్‌బీ అయింది. ఆ కుర్రాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ తర్వాత ఇంటివాళ్ళు తప్పుకుని పెట్టెలు వచ్చాయి.

ఇప్పుడు ఊళ్ళకి ఊళ్ళే మళ్ళీ ఇంటివాణ్ణి వెనక్కి రమ్మంటున్నాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి ముప్ఫై రోజుల లోపు అద్దెకివ్వాలంటే నగరం దగ్గర నమోదు కావాలి, ఓనర్ అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. మీ పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు అందరం కలిసి మన్‌హటన్‌లో ఒక ఇల్లు తీసుకుందాం అనుకుంటే కుదరదు, హోటలే. బార్సిలోనాలో పది వేల పైచిలుకు టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరుకల్లా ఆపేస్తామని అక్కడి మేయరు 2024లో ప్రకటించాడు. జపాన్‌లో ఏడాదికి 180 రోజులే ఇవ్వాలి. సింగపూర్‌లో ప్రైవేటు ఇల్లు మూడు నెలలకి తక్కువైతే అద్దెకివ్వడమే నేరం, యాప్‌లో చవగ్గా కనిపించిందని మోసపోకండి.

ఎందుకిలా అంటే, నెల అద్దె కంటే రోజు అద్దె లాభం. బీచ్ రోడ్డు వెనక మా సందులోనే రెండు ఫ్లాట్లలో ఇదివరకు బ్యాంకు ఉద్యోగులుండేవాళ్ళు. ఇప్పుడు శని, ఆదివారాల్లో కొత్త మొహాలు, అర్ధరాత్రి పాటలు, లిఫ్టులో ఖాళీ సీసాలు. ఊరెళ్ళినప్పుడు నేను దిగే ఇల్లు కూడా ఎవరో ఒకరికి ఇలాగే చిరాకు తెప్పిస్తుందిగా అనిపిస్తుంది. అనిపించినా బుక్ చేస్తాను. మనిషిని కదా.

భద్రత గురించి రెండు మాటలు. చలి ఊళ్ళకెళ్తే గదిలో గ్యాస్ హీటరు, బాత్రూంలో గ్యాస్ గీజరు ఉన్నాయేమో చూడండి. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళవాళ్ళు ఎనిమిది మంది ఒకే గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఎవరూ ప్రాణాలతో లేరు. అది రిసార్టు. కాబట్టి హోటలయితే ఫరవాలేదు, ఇల్లయితే ప్రమాదం అని ఏమీ లేదు. కిటికీ రెండు వేళ్ళంత తెరవండి, చలి వేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి. కెమెరాల భయం చాలామందికి ఉంది. ఇంటి లోపల కెమెరాలు పెట్టకూడదని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ నెలాఖరు నుంచి నిషేధించింది. అయినా పడగ్గదిలో పొగ డిటెక్టరు, గడియారం, చార్జరు ఒకసారి తేరిపార చూడడంలో తప్పులేదు. గుర్తింపు కార్డు అడిగితే పూర్తి నంబరు కనిపించే ఆధార్ కాపీ ఇవ్వక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో చాలు. ఆధారే కావాలంటే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి. అమెరికా పాస్‌పోర్టున్న మనవడు మీతో ఉంటే, దిగిన 24 గంటల్లోగా వాడి వివరాలు విదేశీయుల నమోదు ఆఫీసుకి పంపాల్సిన బాధ్యత బస ఇచ్చినవాళ్ళది. హోటళ్ళకిది అలవాటు. ఇళ్ళవాళ్ళలో చాలామందికి అలాంటిదొకటుందనే తెలియదు. ముందే అడగండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక శ్రోత: మా అమ్మాయి ఉద్యోగం పనిమీద ఒక్కతే ఊళ్ళు తిరుగుతుంది. తనకి ఏది మంచిది?)

హోటలమ్మా. ఆలోచించక్కర్లేదు. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్ల ఖాళీ ఫ్లాట్‌లో దిగడం నాకు నచ్చదు. మా అమ్మాయికీ అదే చెప్పాను. రిసెప్షన్ దాటకుండా ఎవరూ పైకి రాలేని హోటల్ చూసుకోమనండి. గది నంబరు కౌంటర్లో గట్టిగా చదివితే మార్చమని అడగమనండి, అడిగితే మారుస్తారు. పాత ట్రైనింగ్ ఉన్నవాళ్ళు నంబరు కాగితం మీద రాసి చూపిస్తారు, పైకి చెప్పరు.

(మరో శ్రోత: రివ్యూలు నమ్మొచ్చా మాస్టారూ?)

అయిదు చుక్కలవి వదిలేయండి, ఒక చుక్కవి కూడా. కోపంలో రాసినవి, మొహమాటానికి రాసినవి అవి. మూడు చుక్కలవి చదవండి. "ఇల్లు బాగుంది గానీ నీళ్ళు పొద్దున ఎనిమిది తర్వాత రావు" అని రాసేది వాళ్ళే. ఫోటోల్లో లేనిదేమిటో చూడండి. బాత్రూం ఫోటో లేదంటే అడగండి. మన వయసువాళ్ళకి కమోడ్ ఉందా, లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే లిఫ్టుకి కూడా జనరేటరు పనిచేస్తుందా, ఈ మూడూ అడిగి తీరాలి.

(మరో శ్రోత: తిరుమలలో ఏం చేయమంటారు?)

కొండ మీద మీ ఇష్టం నా ఇష్టం ఏముందండీ, దేవస్థానం వారు ఇచ్చిన గదే గది. నెలల ముందు ఆన్‌లైన్‌లో దొరికితే సరే. లేకపోతే కింద తిరుపతిలో విష్ణు నివాసం, శ్రీనివాసం చూసుకోండి. శ్రీశైలమైతే సత్రాలు బోలెడు, ఇంతసేపు నేను చెప్పిన ఉపన్యాసంతో పనే లేదు.

(మరో శ్రోత: హోటల్లో సబ్బులూ షాంపూలూ తెచ్చుకోవచ్చా?)

ఈ ప్రశ్న రాకుండా నేనెక్కడా మాట్లాడి ఇంటికెళ్ళలేదు. (నవ్వులు) సబ్బులు, షాంపూలు, దువ్వెన, చెప్పులు తెచ్చుకోండి, అవి మీకోసమే. తువ్వాళ్ళు తేకండి, లెక్క ఉంటుంది, గది కుర్రాడి జీతంలో కోసే చోట్లున్నాయి. ఇంకొక్కటి. గదిలో కెటిల్ ఉంటుంది చూశారూ, అందులో గుడ్లు ఉడకబెట్టకండి. నా సర్వీసులో ఉప్మా చేసినవాళ్ళని కూడా చూశాను. మర్నాడు ఆ గదిలో దిగిన పెద్దాయన టీ కలుపుకుని కిందికి ఫోన్ చేసి, "ఏమయ్యా, మీ టీలో పోపు ఎక్కువైంది" అన్నాడు.

టీలు వచ్చినట్టున్నాయి. వీటిలో పోపు లేదు, తీసుకోండి.